గీతలు నిండుగా ఉన్నా కాల్ ఎందుకు కలవదంటే

"జాతరల్లో ఫోన్ సిగ్నల్ ఫుల్లుగా చూపిస్తుంది, అయినా కాల్ కలవదు, ఎందుకు? 5జీ వచ్చాక కూడా ఈ బాధ ఉంటుందా? మేడారం వెళ్లడానికి ఏ సిమ్ మంచిది?" అని అడిగారు.

మేడారం పేరు ఎత్తారు కాబట్టి దీనికి నేను జవాబు చెప్పాల్సిందే. 2014 ఫిబ్రవరి జాతరలో నాలుగు రోజులూ అక్కడే ఉన్నాను. మొక్కు కోసం కాదు, డ్యూటీ మీద. ఒక మొబైల్ కంపెనీ టవర్ల పని సబ్‌కాంట్రాక్టుకి తీసుకున్న చోట ఉద్యోగం నాది. లారీ మీద పైకి లేచే స్తంభం, దాని తలకు యాంటెన్నాలు, పక్కన డీజిల్ జనరేటర్. చక్రాల మీది ఈ టవర్ బండిని మేము 'కౌ' (సెల్ ఆన్ వీల్స్) అంటాం. జంపన్న వాగుకి దగ్గర్లో, కోసేసిన పొలంలో నిలబెట్టాం.

గురువారం సమ్మక్క తల్లిని చిలకలగుట్ట నుంచి గద్దెకు తీసుకొస్తారు. తల్లి గుట్ట దిగుతుంటే పోలీసులు గౌరవంగా గాల్లోకి కాల్పులు జరుపుతారు. ఆ చప్పుడు విన్నవాళ్లంతా ఒకేసారి ఫోన్ తీస్తారు. ఊళ్లో ఉన్న అమ్మకి చెప్పాలి, రాలేకపోయిన అన్నకి వినిపించాలి. ల్యాప్‌టాప్‌లో బండి స్లాట్లు, అంటే కాల్స్‌కి ఉన్న చోట్లు, చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాల్లో ఒక్క ఖాళీ కూడా మిగల్లేదు.

లెక్క చెప్తాను. అప్పటి 2జీలో ఒక్కో క్యారియర్, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ పట్టీ, వెడల్పు 200 కిలోహెర్ట్జ్. దాన్ని కాలంలో 8 ముక్కలు చేసి, ముక్కకు ఒకరి చొప్పున వంతులు వేస్తారు. మా బండికి మూడు వైపులా మూడు సెక్టార్లు, ఒక్కోదానికి నాలుగు క్యారియర్లు. అంటే సెక్టార్‌కి 32 ముక్కలు. టవర్ తన ఉనికి చాటుకోవడానికి, కాల్ కలిపే మాటామంతీకి నాలుగు పోతే 28. గొంతు నాణ్యత తగ్గించి ఒక్కో ముక్కలో ఇద్దర్ని కూర్చోబెడితే 56. మూడు సెక్టార్లూ కలిపితే 168 మంది. కనుచూపు మేరా జనం ఉన్న చోట మా బండి ఒకేసారి మాట్లాడించగలిగింది అంతమందినే.

ఇంకో పది బండ్లు పెట్టొచ్చు కదా అని అప్పుడు చాలామంది అడిగారు. బండ్లు పెరిగినంత మాత్రాన ఫ్రీక్వెన్సీలు పెరగవు. ఒక కంపెనీ చేతిలో 6.2 మెగాహెర్ట్జ్ ఉంటే మొత్తం క్యారియర్లు 31. పక్కపక్క బండ్లు ఒకే క్యారియర్ వాడితే ఒకదాని మాట ఇంకోదానిలో పడి రెండూ చెడతాయి. అందుకే వాడిన క్యారియర్‌ని మళ్లీ వాడాలంటే మధ్యలో దూరం ఉండాలి. జాతరలో ఆ దూరం ఎక్కడిది?

మీరు చూసే గీతలు టవర్ గొంతు మీ ఫోన్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందో చెప్తాయి, అంతే. జాతర స్పెషల్ బస్సు రోడ్డు మీద కనిపిస్తుంది, లోపల కాలు పెట్టే చోటు ఉందో లేదో దూరం నుంచి తెలుస్తుందా? గీతలతో పాటు రద్దీ ఎంత ఉందో కూడా ఫోన్లు చూపించి ఉంటే జనానికి సగం టెన్షన్ తగ్గేది. ఇన్నేళ్లయినా నేను చూసిన ఏ ఫోన్‌లోనూ అది లేకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

ఆ సాయంత్రమే ఒకాయన మా బండి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. మహబూబాబాద్ వైపు మనిషి. ఒళ్లంతా వాగు నీళ్లు, చేతిలో చిన్న ఫోన్. "సారూ, సిగ్నల్ ఫుల్లున్నది. గంట సంది చేస్తున్న, కలుస్తలేదు. మా ఇంటామె, చిన్నపిల్ల వాగు కాడ తప్పిపోయిండ్రు" అన్నాడు. మాట్లాడుతూనే బొటనవేలితో పచ్చ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. "ముందు నొక్కుడు ఆపే అన్నా" అన్నాను. కోపంగా చూశాడు. ఆయన కోపం న్యాయమే, కానీ నా మాట కూడా నిజమే.

ఎందుకంటే కాల్‌కి వంతు దొరికే ముందు ఫోన్ టవర్‌ని 'నేనున్నాను' అని ఒక్క అరుపు అరవాలి. ఆ అరుపుకి మాత్రం వంతులు లేవు. ఎవరు ఎప్పుడైనా అరవొచ్చు. ఇద్దరు ఒకే క్షణంలో అరిస్తే సాధారణంగా ఇద్దరి మాటా అర్థం కాదు, ఇద్దరూ మళ్లీ అరవాలి. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపినప్పుడు వాడిన పద్ధతికి 'అలోహా' అని పేరు. ఎవరిష్టం వచ్చినప్పుడు వాళ్లు పంపితే ఎంత బాగా నడిచినా కాలంలో 18 శాతమే పనికొస్తుంది. గడియారం ప్రకారం గళ్లు గీసి, గడి మొదట్లోనే పంపాలంటే 37 శాతం. అది దాటి అరుపులు పెరిగితే ఫలితం పెరగదు, పడిపోతుంది. మన ఫోన్లు ఇప్పటికీ టవర్ తలుపు తట్టేది ఈ పద్ధతికి చుట్టమైన దానితోనే. అందుకే జాతరలో నెట్‌వర్క్‌ని ముంచేది జనం సంఖ్య కంటే రీడయల్ బటన్ అని నా గట్టి నమ్మకం. కలవని ప్రతి కాల్ వెంటనే ఐదు సార్లు మళ్లీ పుడుతుంది.

ఆయన ఫోన్ తీసుకుని ఎస్ఎంఎస్ కొట్టాను: 'వాగు పక్కన పెద్ద స్తంభం ఉన్న లారీ దగ్గర ఉన్నా, రా'. ఎస్ఎంఎస్‌కి మాటల ముక్క అక్కర్లేదు. కాల్ కలిపే మాటామంతీ జరిగే చిన్న దారిలోనే క్షణాల్లో వెళ్లిపోతుంది. అవతలి ఫోన్ దొరక్కపోతే మెసేజ్ సెంటర్‌లో ఆగి, నెట్‌వర్కే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మూడోసారికి వెళ్లింది. "ఆమెకి సదువు రాదు సారూ" అన్నాడు. అప్పుడు నాకూ గుండె జారింది. నలభై నిమిషాలకి ఆమె పిల్లని చంకనేసుకుని వచ్చింది. కొబ్బరికాయల దుకాణంలో కుర్రాడు మెసేజ్ చదివి, మా స్తంభం మీది ఎర్ర లైటు చూపించి పంపాడట. ఆమె కొంగున కట్టుకున్న బంగారంలోంచి ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టింది. తెలియనివాళ్లకి చెప్తున్నా, మేడారంలో బంగారమంటే బెల్లం.

ఇక్కడే ఇంకో మాట. దుకాణాల్లో, ఇళ్లల్లో సొంతంగా తగిలించుకునే సిగ్నల్ బూస్టర్లు దయచేసి పెట్టకండి. లైసెన్సు లేకుండా వాడటం మన దేశంలో నేరం. హనుమకొండలో ఒక బట్టల షాపు బూస్టర్ వల్ల పక్క టవర్ చెవిలో రోజంతా హోరు. అరుపులు ఏవీ వినపడక చుట్టుపక్కల వీధులన్నిటికీ కాల్స్ తెగిపోయేవి. చేతిలో యాంటెన్నా పట్టుకుని గల్లీ గల్లీ తిరిగి దాన్ని పట్టుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఒకరికి రెండు గీతలు ఎక్కువ రావడం కోసం వందల మందికి నెట్‌వర్క్ పోయింది.

ఇక 5జీ సంగతి. 4జీలోనే వంతుల లెక్క చాలా మారింది. 20 మెగాహెర్ట్జ్‌ని 100 గళ్లుగా కోసి, ఏ గడి ఎవరికో ప్రతి మిల్లీసెకనుకీ కొత్తగా పంచుతారు. మాట్లాడని క్షణంలో మీ గడి ఇంకొకరికి పోతుంది. 5జీలో యాంటెన్నాలు వేర్వేరు దిక్కులకి వేర్వేరు కిరణాలు పంపగలవు కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీని ఒకే క్షణంలో చాలామందికి ఇవ్వొచ్చు. కానీ మొదట తలుపు తట్టడం అలాగే ఉంది. పైగా మన దగ్గర 5జీకి ఎక్కువగా వాడే 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కాలాన్ని డౌన్‌లోడ్‌కీ అప్‌లోడ్‌కీ పంచాలి, అప్‌లోడ్‌కి వచ్చేది చిన్న వాటా. జాతరలో అందరూ చేసేదేమో వీడియో పైకి పంపడం. బాధ తగ్గుతుంది కానీ పోదు.

ఏ సిమ్ అంటే, ఒక్కటే కంపెనీ వద్దు. ఒక కంపెనీ ఫ్రీక్వెన్సీ నిండిపోతే పక్క కంపెనీలో ఖాళీ ఉన్నా మీ కాల్ మామూలుగా అటు పోదు. ఇంట్లో నలుగురు వెళ్తుంటే ఇద్దరి దగ్గర ఒకటి, ఇద్దరి దగ్గర ఇంకొకటి ఉండాలి. తప్పిపోతే కలుసుకునే చోటు బస్సు దిగగానే అనుకోండి. కాల్ కలవకపోతే రెండు నిమిషాలు ఆగి ఎస్ఎంఎస్ పెట్టండి. వీడియోలు తిరుగు దారిలో తాడ్వాయి దాటాక పంపుకోవచ్చు.