సిస్టర్ల స్కూల్లో మతం లేని ఇంటి పిల్ల: మా ఐదేళ్ళ అనుభవం

"మాకు ఏ మతమూ లేదు. చెన్నైలో కాథలిక్ సిస్టర్లు నడిపే స్కూల్లో పాపకి ఎనిమిదో తరగతిలో సీటు వచ్చింది. చేర్చమంటారా?" అని మీరు అడిగారు. మా అమ్మాయి కూడా చెన్నైలోనే, ఎనిమిదిలోనే అలాంటి స్కూల్లో చేరి, 2024లో ప్లస్ టూ ముగించింది. నా మాట అడిగితే, చేర్చండి. కాకపోతే మేము ముందు మాట్లాడుకోకుండా చేర్చి ఇబ్బంది పడ్డ విషయాలు కొన్ని ఉన్నాయి, అవి చెప్తాను.

మా సొంతూరు విజయవాడ. మా నాన్న పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రానికి వెళ్తూ పెరిగిన మనిషి. మా ఇంట్లో దేవుడి పటం కూడా ఉండదు. అసెంబ్లీలో క్రైస్తవుల పరలోక ప్రార్థన చెప్పిస్తారని తెలిసి మా ఆయన చాలా టెన్షన్ పడ్డారు. అమ్మాయి మాత్రం ఒకటే అడిగింది: "అందరూ కళ్ళు మూసుకుంటే నేనేం చెయ్యాలమ్మా?" నిటారుగా నిలబడు, పక్కవాళ్ళతో మాట్లాడకు, నమ్మని మాట పైకి అనకు అని చెప్పాను. ఐదేళ్ళూ అలాగే నిలబడింది. సిలువ గుర్తు వేసుకోమని ఎవరూ బలవంతం చెయ్యలేదు.

చట్టం కూడా మీ పక్కనే ఉంది. రాజ్యాంగం 28(3) అధికరణ ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న ఏ స్కూలూ తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకీ ప్రార్థనకీ కూర్చోబెట్టకూడదు. మైనారిటీ స్కూళ్ళకీ ఇది వర్తిస్తుంది. మా స్కూల్లో కాథలిక్ పిల్లలు కాటెకిజం (తమ మతబోధ) క్లాసుకి వెళ్తే, మిగతావాళ్ళకి అదే పీరియడ్‌లో మోరల్ సైన్స్ ఉండేది. 2024 ఏప్రిల్‌లో భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య తమ స్కూళ్ళకి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, వేరే మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దొద్దనీ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమనీ ఉంది. మీరు చేర్చే స్కూలు దాన్ని పాటిస్తోందా అని మొహమాటం లేకుండా అడగండి.

మతం మారుస్తారేమోనని బంధువులు భయపెడతారు. మా అమ్మాయిని ఐదేళ్ళలో ఒక్కరు కూడా ఆ మాట అడగలేదు.

మాకు తగిలిన మొదటి దెబ్బ వేరే. స్కూల్లో పూజ జరిగిన రోజు (చర్చిలో జరిగే ఆరాధన మాస్‌ని కాథలిక్కులు పూజ అనే అంటారు) పిల్లలు వరసగా ముందుకు వెళ్తుంటే, మా అమ్మాయి కూడా వెళ్ళింది. గుళ్ళో ప్రసాదం పెట్టినట్టే పెడతారనుకుని చెయ్యి చాపింది. ఒక టీచర్ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుని పక్కకి లాగేసింది. అందరి ముందూ అలా జరిగేసరికి సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తినలేదు. అక్కడ ఇచ్చే అప్పం క్రీస్తు శరీరంగా మారుతుందని కాథలిక్కుల విశ్వాసం. అందుకే దాన్ని దివ్యసత్ప్రసాదం అంటారు, తమ మతంలో తొలి సత్ప్రసాదం తీసుకున్నవాళ్ళకే ఇస్తారు. ఇది ముందే చెప్పి ఉండాల్సింది నేను. మీ పాపకి ఈ ఒక్కటీ ఇప్పుడే చెప్పండి. ఆ సమయంలో తన చోట తను కూర్చుంటే చాలు.

సైన్స్ గురించి నేను పడిన భయం మాత్రం అనవసరం. మాది స్టేట్ బోర్డు. పదో తరగతి సైన్స్ పుస్తకంలో వంశపారంపర్యం, జీవ పరిణామం రెండు పాఠాలూ ఉన్నాయి. రెండూ ఒక సిస్టరే చెప్పారు, ఒక్క పేజీ వదల్లేదు. వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ కూడా మఠంలో ఉన్న సన్యాసే అని ఆవిడ సంతోషంగా చెప్పారట. విశ్వం వ్యాపిస్తోందని 1927లోనే ప్రతిపాదించిన లెమేత్ర్ కూడా కాథలిక్ ఫాదరేనని మా అమ్మాయి తర్వాత చదివి నాకు చెప్పింది.

అసలు కష్టం పదకొండో తరగతిలో వచ్చింది. మోరల్ సైన్స్ పీరియడ్‌లో ఒక టీచర్ "దేవుడి భయం లేనివాడికి నీతి ఎక్కడినుంచి వస్తుంది?" అన్నారు. అప్పటికి మా నాన్న పోయి ఏడాది కూడా కాలేదు. ఆయన కోరిక ప్రకారం కళ్ళు దానం చేసి, శరీరాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చాం. తాతయ్య అంటే ప్రాణం పెట్టే పిల్ల, క్లాసులో నోరు మెదపలేక ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను కోపంగా ఒక ఉత్తరం రాసి, చింపేసి, నిదానంగా ఇంకోటి రాసి హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌కి ఇచ్చాను. ఆవిడ అమ్మాయిని పిలిచి, తాతయ్య గురించి చెప్పమని అరగంట కూర్చుని విన్నారు. "మీ తాతయ్య కళ్ళతో ఎవరో ఇప్పుడు చూస్తున్నారు కదా" అన్నారట. టీచర్ క్షమాపణ చెప్పలేదు. కానీ ఆ మాట మళ్ళీ అనలేదు. మా అమ్మాయి ఆ సిస్టర్‌ని ఇప్పటికీ వెళ్ళి చూసొస్తుంది. సెప్టెంబరు 8న బెసెంట్ నగర్ వేళాంకణి మాత పండగకి స్నేహితురాళ్ళతో కలిసి వెళ్తుంది కూడా. నేను వద్దనను.

కాబట్టి ప్రార్థన గంట గురించి మరీ దిగులు పడకండి. దేవుణ్ణి నమ్మనివాళ్ళ గురించి క్లాసులో ఏమంటారో రోజూ పాపని అడిగి తెలుసుకోండి. పదమూడేళ్ళ పిల్ల తనంతట తాను చెప్పదు, మా అమ్మాయి నెలల తరబడి చెప్పకుండా దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి.

అడ్మిషన్ ఫారంలో మతం గడి ఉంటుంది. మేము "లేదు" అని రాస్తే గుమాస్తా "హిందూ అని రాసెయ్యండమ్మా, గొడవుండదు" అన్నాడు. కులం, మతం లేదని స్కూలు రికార్డుల్లో రాసుకోవచ్చని తమిళనాడు ప్రభుత్వం 1973లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి చెప్పాక మారు మాట్లాడకుండా తీసుకున్నారు. ఆ ఉత్తర్వు కాపీ ఒకటి దగ్గర పెట్టుకుని వెళ్ళండి. పాపని కూడా వెంట తీసుకెళ్ళండి. ఆ గడిలో ఏం రాయాలో తననే అడగండి.