పతకం రాకపోయినా ఈత పోటీలకు ఎందుకు వెళ్తున్నానంటే

యాభైకి దగ్గరపడినవారు, పతకం రాదని తెలిసి కూడా, చేతి డబ్బు పెట్టుకుని, పెద్దలకు వయసు వర్గాలవారీగా జరిపే మాస్టర్స్ ఈత పోటీలకు ఎందుకు వెళ్తారని, అందులో దొరికే ఆనందమేమిటని మీరు అడిగారు. నేను నెల్లూరు నుంచి ఆరేళ్లుగా వెళ్తున్నాను కనుక నా అనుభవం చెబుతాను.

చిన్ననాడు మా ఊరి దిగుడుబావిలో నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక పాతికేళ్లు ఆ ఊసే లేదు. మళ్లీ నీళ్లలోకి దిగిన నన్ను పోటీలలో మొదట ఆకట్టుకున్నది వయసు లెక్క. అంతర్జాతీయ ఈత సమాఖ్య అయిన వరల్డ్ అక్వాటిక్స్ నియమాల ప్రకారం 25 ఏళ్ల నుంచి ఐదేసి ఏళ్లకు ఒక వర్గం ఉంటుంది, ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి నిండే వయసునే లెక్కలోకి తీసుకుంటారు. నా పుట్టినరోజు నవంబరులో కావడంతో, యాభై నిండకముందే, జనవరి నుంచే 50–54 వర్గంలో అడుగుపెట్టి అందులో చిన్నవాడినయ్యాను. వయసు పెరగాలని మనిషి ఎదురుచూసే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

రిలేలో ఈ ముచ్చట ఇంకా ఎక్కువ. అక్కడ నలుగురి వయసులూ కూడి వర్గం నిర్ణయిస్తారు. ఒంగోలు ఉపాధ్యాయిని ఒకరు, కావలి నుంచి వచ్చే దంపతులు, నేను కలిసిన మా మిక్స్‌డ్ జట్టు మొత్తం కిందటేడు 199 కావడంతో, మాకన్నా ఎంతో చిన్నవారితో తలపడి చివరన నిలిచాం. ఈ ఏడు తలా ఒక ఏడు పెరిగి 203 అయింది, 200–239 వర్గంలోకి చేరాం. ఆ రోజు మూడో స్థానం వచ్చినప్పుడు, తెచ్చుకున్న మలైకాజా డబ్బాను కొలను గట్టు మీదే విప్పి పక్క జట్టువారికీ పంచాం.

అన్నింటికన్నా నా మనసులో నిలిచిపోయినది డెబ్భై దాటిన ఒక పెద్దావిడ 50 మీటర్ల ఫ్రీస్టైల్. మాస్టర్స్‌లో దిమ్మ మీది నుంచి దూకి తీరాలన్న నిబంధన లేదు కనుక, ఆమె నీళ్లలోనే గోడ పట్టుకుని మొదలుపెట్టారు. మిగతావారందరూ ముగించి గట్టెక్కాక కూడా ఆమె ఒక్కో బారా నిదానంగా వేస్తూ వస్తుంటే, గ్యాలరీ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. గోడ తాకగానే ఆమె చప్పట్ల వైపు చూడలేదు, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, స్టాప్‌వాచీ పట్టుకున్న కుర్రవాడిని "ఎంతొచ్చింది నాయనా?" అని అడిగారు. పోయినసారికన్నా రెండు సెకన్లు తగ్గిందని లెక్క చూసుకున్నాక ఆమె ముఖంలో కనిపించిన వెలుగే మీ ప్రశ్నకు జవాబు.

ఒక ఈతకూ మరో ఈతకూ మధ్య గంటల తరబడి కూర్చోవలసి వస్తుందన్నది నిజం. మీరు మొదటిసారికి 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఒక్కదానికే పేరివ్వండి. 25 మీటర్ల కొలనులో సాధన చేస్తున్నట్లయితే, 50 మీటర్ల పెద్ద కొలనులో మధ్యలో కాలితో తన్నుకుని తిరగడానికి గోడ ఉండదు కనుక, ఆ దూరాన్ని ఒక్క ఊపున ఈదడం ముందే అలవాటు చేసుకోండి.