పార్కిన్సన్స్ ఉన్నవారి కంగారు స్కాన్‌లో తెలుస్తుందా?

అమలాపురం నుంచి కాకినాడ తీసుకెళ్లి ఎమ్మారై తీయిస్తే పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్న నాన్నగారి కంగారు ఎందుకో తేలుతుందా అని అడిగారు. తేలదండి. పార్కిన్సన్స్‌లో మామూలు ఎమ్మారై చాలావరకు నార్మల్‌గానే వస్తుంది. గడ్డ, పాత పక్షవాతం, మెదడులో నీరు లాంటివి లేవని చూసుకోవడానికే అది. ట్రోడాట్ స్కాన్ చూపేది కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాల తగ్గుదలని, భయాన్ని కాదు. మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగంలో తేడాలంటూ పరిశోధనలు చెప్పేవి గుంపుల సగటులే, ఒక్కరి సంగతి వాటితో తేలదు. పైగా తల వణికితే బొమ్మ చెదిరిపోతుంది.

డాక్టరు రాస్తే సరే, లేకపోతే ముందు వారం రోజులు నోటుబుక్కు పెట్టండి: లీవోడోపా (పార్కిన్సన్స్ మందు) మాత్ర, భోజనం, కంగారు, మూడింటి టైములూ. కొందరికి మాత్ర పనితనం దిగే వేళకే, తర్వాతి డోసుకు ముందు, గుండెదడ, చెమటలు, భయం మొదలవుతాయి. మాత్రను చేపల పులుసు అన్నంతో పాటు వేస్తే ప్రోటీన్ అడ్డుపడి మందు సరిగా ఎక్కదు; భోజనానికి అరగంట ముందు వేయడం మేలు. ఆ లెక్క చూసి న్యూరాలజిస్టు డోసు వేళలు సర్దుతారు. మీరుగా మాత్ర ఆపొద్దు.