సాన్ మాలోలో మంచి రెస్టారెంట్ ఎలా వెతుక్కోవాలి?

ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరాన ఉన్న ఈ ఊళ్లో సాన్ విన్సెంట్ కోటద్వారం దాటగానే వరసగా రెస్టారెంట్లు కనిపిస్తాయి. ఆకలేస్తోందని వెంటనే కూర్చోకండి. నాలుగు భాషల్లో ఫొటోల మెనూ, అందులో పిజ్జా నుంచి చేపల దాకా అన్నీ ఉంటే చాలావరకు ఫ్రీజర్ సరుకే. రెండు మూడు వీధులు లోపలికి నడవండి.

బయట నల్లపలక మీద చాక్‌తో రాసిన మూడు నాలుగు వంటకాలే ఉంటే మంచి గుర్తు. మెనూలో వంటకం పక్కన, గిన్నెకు మూతలా ఇంటికప్పు ఉన్న బొమ్మ కనిపిస్తే అది ‘ఫే మెజోఁ’, అంటే పచ్చి సరుకుతో అక్కడే వండింది. 2014లో వచ్చిన నిబంధన ఇది. మూల్ అనే నల్ల ఆల్చిప్పలు తినాలంటే ఏ తీరానివో అడగండి. దగ్గర్లోని మాన్ సాన్ మిషెల్ అఖాతంవి సుమారు జూలై నుంచి దొరుకుతాయి, వసంతంలో వడ్డించేవి సాధారణంగా వేరేచోటివి.

ఎక్కువమంది పొరబడేది వేళ దగ్గరే. మధ్యాహ్నం 12 నుంచి 2, రాత్రి 7 నుంచి 9 దాటితే చాలాచోట్ల వంటగది మూసేస్తారు. ఆదివారం రాత్రి, సోమవారం సెలవులెక్కువ. జూలై, ఆగస్టుల్లో ముందురోజే టేబుల్ చెప్పుకోండి. మధ్యాహ్నం ‘ఫార్ముల్’ భోజనం, అంటే ఒకే ధరకు రెండు మూడు వంటకాలు, రాత్రికంటే చవక.

శాకాహారులకు నల్లగోధుమ (బక్‌వీట్) పిండితో వేసే అట్టు, గలెట్ బాగుంటుంది. అంచులు కరకరలాడాలి. అయితే ‘కొంప్లెత్’ అనే రకం గలెట్‌లో పంది మాంసం ఉంటుంది, ‘సాఁ జాఁబోఁ’ (పంది మాంసం లేకుండా) అనండి. ‘కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు.