2000 ల్యూమెన్ల వెలుగిచ్చే ఎల్‌ఈడీ టార్చి కొన్నాను, బ్యాటరీ, ఛార్జర్ విడిగా కొనుక్కోవాలట. ఎంఏహెచ్ ఎక్కువ ఉన్నది చూసి తీసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ఎంఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె. అది మరీ ఎక్కువని అచ్చువేసి ఉన్నదాన్ని అసలు ముట్టుకోకండి.

మాది భీమవరం వైపు, రొయ్యల సాగు. టార్చి మాకు సరదా వస్తువు కాదు. రాత్రిపూట చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందా అని చూడాలన్నా, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలుతున్నాయా అని చూడాలన్నా అదే ఆధారం. వెలుగు పడగానే రొయ్య కళ్లు నీళ్లలో ఎర్రగా, నిప్పురవ్వల్లా మెరుస్తాయి. నీటి మీదనే గుంపులుగా మెరిశాయంటే మాత్రం ఆ రాత్రి ఇక నిద్ర లేనట్టే.

పోయిన వేసవి పంటలో ఒక అర్ధరాత్రి కరెంటు పోయి, చెరువు నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లన్నీ ఆగిపోయాయి. కాపలా కుర్రాడు జనరేటర్ షెడ్డుకు పరుగెత్తాడు. సగం గట్టు దాటేసరికి చేతిలో టార్చి ఆరిపోయింది. పట్నంలో తనే చూసి కొనుక్కొచ్చిన కొత్త బ్యాటరీ, సాయంత్రమే ఛార్జింగ్ పూర్తయింది, పైన 9900 ఎంఏహెచ్ అని బంగారు రంగు అక్షరాలు! ఫోను లైటు వేసి, ఆ ఫోను నోట కరచుకుని డీజిల్ పోశాడట. నేను వెళ్లేసరికి ఏరియేటర్లు తిరుగుతున్నాయి, రొయ్యలు దక్కాయి. వాడు మాత్రం ‘టార్చి పాడైంది బాబాయ్, వేరేది కొనండి’ అని ఒకటే గొడవ.

టార్చికి ఏమీ కాలేదు. తెల్లారాక రొయ్య బరువు చూసే చిన్న ఎలక్ట్రానిక్ కాటా తీసి ఆ సెల్లు దాని మీద పెట్టాను. 29 గ్రాములు. నా టార్చిలోది తీసి పెడితే 48. అసలైన 18650 సెల్లు (18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవుండే రకం) ఏ కంపెనీదైనా ఇంచుమించు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. కిలోకు ఎన్ని తూగుతాయనే మా రొయ్యల లెక్కలో చెప్పాలంటే నాది దాదాపు 21 కౌంటు, వాడిది 34 కౌంటు. కాటా వైపు కాసేపు చూసి, ‘రొయ్యనైతే తూచకుండా కొనం కదా బాబాయ్’ అన్నాడు. ఇలాంటివాటిలో కొన్నింటి లోపల చిన్న సెల్లు పెట్టి, మిగిలిన ఖాళీలో ఏదో పొడి కూరుతారు. చూద్దామని కోయకండి, అంటుకుంటుంది.

మార్కెట్లో దొరికే మంచి 18650 సెల్లు చాలావరకు 3500 ఎంఏహెచ్ దగ్గరే ఆగుతుంది. 5000 కావాలంటే కాస్త లావుపాటి 21700 పట్టే టార్చి చూసుకోవాలి. 9900 అని రాసిన వాడికి సిగ్గు లేదు, దాన్ని అద్దాల బీరువాలో పెట్టి అమ్మే వాడికి అంతకన్నా లేదు. అడిగితే ‘అందరూ ఇదే తీసుకుంటున్నారండీ’ అంటారు.

ఎంఏహెచ్ కన్నా ముందు అడగాల్సింది, ఆ సెల్లు ఎన్ని ఆంపియర్ల కరెంటు ఇవ్వగలదని. ఒకే సెల్లుతో 2000 ల్యూమెన్లు రావాలంటే దాని మీద ఐదారు ఆంపియర్ల భారం పడుతుంది, కొన్ని టార్చిల్లో ఇంకా ఎక్కువ. శాంసంగ్ 35ఈ సామర్థ్యం 3500 ఎంఏహెచ్, కానీ ఆగకుండా ఇచ్చేది 8 ఆంపియర్లే. అదే కంపెనీ 30క్యూ 3000 ఎంఏహెచ్ అయినా 15 ఆంపియర్లు ఇస్తుంది. నాలుగైదు ఎల్‌ఈడీలున్న పెద్ద టార్చికి నేనైతే రెండోదే వేస్తాను. కానీ ఈ కంపెనీలు విడి సెల్లులను నేరుగా జనానికి అమ్మవు, అందుకే నకిలీలకు అంత గిరాకీ. కొత్తగా కొనేవారు టార్చి కంపెనీయే ఇచ్చే, అతిగా నిండకుండా, మరీ ఖాళీ కాకుండా ఆపే రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లు తీసుకోవడం మేలు. ఖరీదు ఎక్కువే, ఇవ్వండి. ఆ సర్క్యూట్ వల్ల పొడవు 65 మిల్లీమీటర్లు దాటి 70 దాకా పోతుంది, మీ టార్చిలో పడుతుందో లేదో ముందే చూసుకోండి. రెండు సెల్లులు వరుసగా పట్టే టార్చి అయితే ఒకేసారి కొన్న జతనే వేయాలి. పాతదీ కొత్తదీ కలిపితే పాతది ముందే ఖాళీ అయిపోయి తలకిందులుగా ఛార్జ్ అవుతుంది. పేలేది అప్పుడే.

ఇక ఛార్జర్. నన్నడిగితే టార్చి కన్నా ముందు కొనాల్సింది ఇదే. గోడకు గుచ్చే, ఎర్ర దీపం పచ్చగా మారడం తప్ప మరేమీ చెప్పని చవక ఛార్జర్లను మా షెడ్డులోకి రానివ్వను. సెల్లు 4.2 వోల్టులకు చేరాక ఛార్జర్ కరెంటును మెల్లగా తగ్గించుకుంటూ వచ్చి పూర్తిగా ఆపేయాలి. సెల్లు పెట్టే ప్రతి గదికీ విడిగా వోల్టేజీ చూపించాలి. ఇప్పటికే ఒకటి ఉంటే పచ్చ దీపం వెలిగాక సెల్లు తీసి వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టండి. 4.15 నుంచి 4.20 మధ్య ఉంటే సరే, 4.25 దాటితే ఆ ఛార్జర్ చెత్తబుట్టకే. 3000 ఎంఏహెచ్ సెల్లుకు ఒక ఆంపియర్ చాలు, నాలుగు గంటలు పట్టనివ్వండి. గంటలో నింపేస్తామనే వాటి జోలికి పోవద్దు, రాత్రి వాడే టార్చికి పగలంతా ఖాళీయే కదా! మంచం మీద, పరుపు మీద పెట్టి ఛార్జ్ చేయకండి, సిమెంటు గచ్చు మీద పెట్టండి.

ఇంతకీ 2000 ల్యూమెన్లు మీకు దేనికి? చేతిలో పట్టే టార్చి అంత వెలుగులో కొద్ది నిమిషాలకే వేడెక్కి తనంతట తానే తగ్గిపోతుంది, డబ్బా మీద ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది. మంచు కురిసే వేళ ఆ వెలుగంతా తిరిగి మన కళ్లలోనే కొడుతుంది. మేము గట్టు మీద 300 ల్యూమెన్లలోనే తిరుగుతాం. ఏ కంపెనీ టార్చి మంచిదని మాత్రం నన్ను అడగకండి. మా ఉప్పునీటికి ఏదైనా రెండు పంటలకే వెనక మూత మర పట్టేస్తుంది.