నాన్నగారికి డెక్సామెథసోన్‌తో షుగర్ 340కి వెళ్లింది, ఆపించాలా? (సమాధానం)

ఆపించకండి. కోవిడ్‌తో చేరి ఆక్సిజన్ మీద ఉన్నారని రాశారు కదా, ఈ స్టెరాయిడ్ మందు సరిగ్గా అలాంటి వారికే. 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే క్లినికల్ ట్రయల్‌లో ఈ మందుతో వెంటిలేటర్ మీదున్న వారి మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి, ఆక్సిజన్ మీదున్న వారివి 26.2 నుంచి 23.3కి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనపడలేదు.

చార్ట్‌లో డోసు చూడండి: రోజుకు ఒకసారి 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు, ముందే డిశ్చార్జి అయితే అక్కడితో సరి. అంతకంటే ఎక్కువుంటే కారణం అడగండి.

షుగర్‌కి మందు ఇన్సులిన్. పొద్దున డోసు ఇస్తే మధ్యాహ్నం భోజనం నుంచి సాయంత్రం దాకా షుగర్ బాగా ఎగబాకుతుంది. పరగడుపు రీడింగు ఒక్కటే చూస్తే మోసపోతాం. ప్రతి భోజనానికి ముందూ, పడుకునే ముందూ చూడమనండి. స్టెరాయిడ్ ఆగాక ఇన్సులిన్ కూడా తగ్గించాలి, మర్చిపోతే షుగర్ పడిపోతుంది.

ఇంటికొచ్చాక మిగిలిపోయిన స్టెరాయిడ్ మాత్రలు వాడొద్దు, దయచేసి. ముఖం ఒకవైపు నొప్పి, కంటి వాపు, ముక్కులోంచి నల్లటి స్రావం కనిపిస్తే అది బ్లాక్ ఫంగస్ కావచ్చు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.