ట్రెయిలర్ టైర్ల గాలి: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: డాలస్‌లో మాకు రెండు డ్రై వ్యాన్ (మూసిన పెట్టె) ట్రెయిలర్లు ఉన్నాయి. టైర్లలో గాలి తగ్గితే తనే పట్టే సిస్టం ఉంది. వారం నుంచి ఒక ట్రెయిలర్ ముందు మూలనున్న ఆ సిస్టం లైటు గంటల తరబడి ఆరడం లేదు. బండి చుట్టూ తిరిగి విన్నాం, ఎక్కడా బుస్సుమనడం లేదు. సిస్టంకు గాలి వెళ్లే వాల్వు కట్టేసి నడపొచ్చా?

జవాబు: కట్టేయకండి. చలి పొద్దున బండి తీయగానే లైటు కాసేపు వెలగడం మామూలే. పది నిమిషాలు దాటినా ఆరలేదంటే గాలి ఎక్కడికో పోతున్నట్టే.

చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాకే పని మొదలుపెట్టండి. డ్రైవరు దగ్గరి ఎర్ర నాబ్ లోపలికి నొక్కితేనే ట్రెయిలర్ ట్యాంకుకు గాలి వెళ్తుంది, అదే నొక్కుతో ట్రెయిలర్ బ్రేకులూ వదిలేస్తాయి. గాలి 120 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఎక్కనిచ్చి ఇంజను ఆపండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు హబ్ (చక్రం మధ్య భాగం) నుంచి టైర్లకు వెళ్లే హోసులు విప్పి ఎనిమిది టైర్లకూ గేజి పెట్టి రాసుకోండి. ఆ అంకెలే సగం జవాబు చెబుతాయి.

ఒక్క టైరే తగ్గితే మేకో, వాల్వు పిన్నో, హోసు లాగి వంచిన వాల్వు కాడో చూడండి. జంటలో లోపలి టైరు వాల్వును అందరూ వదిలేస్తారు, అక్కడా సబ్బు నీళ్లు కొట్టండి. ఎనిమిదీ ఒకేలా తక్కువుంటే తప్పు టైర్లది కాదు. ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు (ఏడాదికోసారి మార్చాలి), గాలి ఒత్తిడిని నిర్ణయించే రెగ్యులేటరు సెట్టింగు దిగి ఉండొచ్చు. ట్యాంకు గాలి సుమారు 80 పీఎస్‌ఐకి చేరేదాకా ప్రొటెక్షన్ వాల్వు ఈ సిస్టంకు గాలి వదలదు, బ్రేకులే ముందు. అది సరిగా తెరుచుకుంటోందో లేదో కూడా చూడండి.

అన్ని టైర్లూ సరిగ్గా ఉండి లైటు మాత్రం వెలుగుతుంటే లీకు సిస్టం కంట్రోల్ బాక్సుకూ టైర్లకూ మధ్యే. హబ్ మూత (హబ్ క్యాప్) మధ్యలోని వెంటు, అంటే గాలి వదిలే రంధ్రం మీద సబ్బు నీళ్లు వేయండి. బుడగలు ఆగకుండా వస్తే లోపల తిరిగే జాయింటు సీలు అరిగినట్టు. దీన్ని వాయిదా వేయకూడదు. ఆ గాలి హబ్బులో నిండితే లోపలి వీల్ సీలును తోసేస్తుంది, ఆయిలు బ్రేక్ లైనింగుల మీదికి కారుతుంది. చిన్న సీలుతో పోయేది బ్రేకు పని దాకా వస్తుంది. యాక్సిల్ గొట్టంలోనే గాలి నింపే రకమైతే దాని మీద వెల్డింగూ, డ్రిల్లింగూ పనికిరావు.

హబ్ దగ్గర కీచుమని గాలి పోతూ, చెయ్యి దగ్గర పెడితే వేడి కొడుతుంటే అక్కడే ఆగండి. మెరిటార్ కంపెనీ వేడి హెచ్చరిక పరికరం థర్మ్‌అలర్ట్ ఉన్న బండ్లలో హబ్ మితిమీరి వేడెక్కితే ఒక ప్లగ్గు కరిగి ఇలా అరుస్తుంది. అది బేరింగు కబురు, టైరుది కాదు.

ప్రశ్న: లైటు ఎప్పుడూ వెలగలేదు. కానీ వారాంతం యార్డులో వదిలిన ట్రెయిలర్ సోమవారానికి ఒక టైరు నేలకు అంటుకుంది. సిస్టం పాడైందా?

జవాబు: బహుశా కాదు. గాలి గట్టిగా పారితేనే లైటు వెలుగుతుంది. సన్న లీకుకు ట్రాక్టరు (ట్రెయిలర్‌ను లాగే బండి) కంప్రెసరు దారి పొడవునా పోస్తూనే ఉంటుంది, డ్రైవరుకు తెలియదు. ట్రాక్టరు విప్పగానే పోసేవాడు ఉండడు. మా దృష్టిలో ఈ సిస్టంలోని పెద్ద లోపం ఇదే: లీకును దాచిపెడుతుంది. నెలకోసారైనా సాయంత్రం వాల్వు కట్టి గేజి చూసి, తెల్లవారి మళ్లీ చూడండి. పడిపోయిన టైరు దొరికిపోతుంది. ఒక హబ్బు మీది రెండూ కలిసి పడితే హోసుల్లోని చెక్ వాల్వులను (గాలి వెనక్కి రాకుండా ఆపేవి) అనుమానించండి.

లైటు పరీక్షకు, సిస్టం నిండుగా ఉండగా ఒక హోసు టైరు వైపు వదులు చేయండి, గాలి పారగానే వెలగాలి. వెలగకపోతే కరెంటు చూడండి. చాలా బండ్లలో ఈ లైటుకు కరెంటు ట్రాక్టరును ట్రెయిలర్‌తో కలిపే ఏడు పిన్నుల ప్లగ్గులోని నీలం తీగ నుంచే. వెనక ఎడమవైపు ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు సిస్టం) లైటు కూడా చచ్చి ఉంటే బల్బు మార్చి లాభం లేదు, ఆ తీగను వెతకండి.

ప్రశ్న: టైర్ల గాలి 100 పీఎస్‌ఐకి పెట్టాం, మధ్యాహ్నం గేజి 112 చూపిస్తోంది. దించాలా?

జవాబు: వద్దు. 100 చల్లటి టైరు లెక్క. పది డిగ్రీల ఫారెన్‌హీటుకు దాదాపు రెండు పీఎస్‌ఐ మారుతుంది, పైగా పరుగు వేడి. వేడి మీద దించితే రాత్రికి తక్కువైపోతుంది. పాత రకాలు గాలి పోయడమే గాని తీయలేవు, హెండ్రిక్సన్ టైర్‌మాక్స్ ప్రో లాంటివి ఎక్కువైనది వదిలేస్తాయి కూడా.